ఉప్పు వేసే చెయ్యి

కమ్వెండో,
8 మార్చి 1998

ఎసినాతి అక్కకి,

చెయ్యి మానింది. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను, లేకపోతే మిగతా ఉత్తరం చదవకుండా దానికోసమే వెతుకుతావు. నువ్వు చెప్పినట్టే రోజులు లెక్కపెట్టుకుని కట్టు విప్పాను. చర్మం కింద కడుపు రాకుండా పెట్టిన ఆరు పుల్లలూ విసనకర్ర ఈనెల్లా పరుచుకుని ఉన్నాయి. లినెసి రోజూ పొద్దున్నే వాటిని వేలితో తడిమి లెక్కపెడుతుంది. అయిదేళ్ళ పిల్లకి ఆరు దాకా లెక్కలొచ్చాయి, అంతా మీ క్లినిక్ పుణ్యమే.

ఇక్కడ మొక్కజొన్న కంకులు పాలు పోసుకుంటున్నాయి. మామగారు జొహన్నెస్‌బర్గ్ గనుల నించి ఈసారి పూర్తిగా వచ్చేశాడు. రెండు దుప్పట్లు, ఒక రేడియో, ఒక దగ్గు తెచ్చాడు. పొద్దస్తమానం మయేసోని ఒళ్ళో వేసుకుని రేడియో వింటాడు. వాడు తాత గడ్డం పీకుతూ కూర్చుంటాడు. రెండేళ్ళు నిండినా చంక దిగని వెధవ తాత ఒళ్ళో మాత్రం బుద్ధిగా ఉంటాడు. నాకు పొలం పనికి వెసులుబాటైంది.

ఇక అసలు సంగతి. జనవరిలో మీ క్లినిక్‌లో పుల్లలు పెట్టించావు కదా, అప్పట్నించి నాకు నెలసరి ఆగలేదు. ఏడు వారాలైంది. ఎక్కువేం పోదు, కానీ ఆగదు. ఇది మామూలేనా? నువ్వు ఆ బొమ్మల పుస్తకం ఒడిలో పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పి చూపించావు. అందులో ఇది చూసినట్టు నాకు గుర్తు లేదు. నేనే సరిగా చూసుండను. తెల్లకోటు వేసుకున్న మా అక్కని చూడడమే నాకు సరిపోయింది ఆ రోజు.

ఉప్పు సంగతి నీకు వేరే చెప్పాలా. ఏడు వారాలుగా నేను ఉప్పు ముట్టలేదు. కూర ఉడికేసరికి మా పెద్దది మెలిఫాని కేకేస్తాను. అది ఎక్కడో గెంతుతూ ఉంటుంది, వచ్చి గుప్పెడు పడేసి మళ్ళీ పరిగెడుతుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, దాని చెయ్యి బరువు. నిన్న ఎండుచేపల కూర తిని మామగారు చెంబుల కొద్దీ నీళ్ళు తాగాడు. అత్త మాత్రం ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతేనే నాకు భయం.

బడి మాస్టారు మీ సలీమా పట్నానికి వస్తున్నాడని తెలిసి గబగబా రాస్తున్నాను. జవాబు ఆయన చేతికే ఇవ్వు. బావకి దండాలు.

నీ ఫలేసి


సలీమా,
22 మార్చి 1998

ఒసే పిచ్చిదానా,

మాస్టారు ఉత్తరం ఇచ్చి ఇంకా గుమ్మం దిగలేదు, నేను రాయడం మొదలుపెట్టాను. ఆయనకి టీ పోసి కూర్చోబెట్టాను.

అది మామూలే. కొత్తగా పెట్టించుకున్న చాలామందికి అలాగే ఉంటుంది. మూడు నెలలో, నాలుగు నెలలో, ఆ తర్వాత ఒంటికి అలవాటై సర్దుకుంటుంది. నువ్వేం కంగారుపడకు, ఎవరితోనూ చెప్పుకోకు. ఊళ్ళో ఒక్కదానికి చెప్పావంటే సాయంత్రానికి పది ఊళ్ళకి పాకుతుంది, రేపు మా క్లినిక్ గుమ్మం ఎవరూ తొక్కరు.

అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్ళు. నీకేం గుర్తుంటుంది. నాకు పదిహేను. తొమ్మిదో కాన్పు. చాప మీద నించి రక్తం గుమ్మం దాకా వచ్చింది, నేను బూడిద పోసి కప్పుతూ కూర్చున్నాను. మయేసో పుట్టినప్పుడు నువ్వు కూడా అలాగే పడుకుని ఉన్నావు. మరో కాన్పు నువ్వు తట్టుకోలేవని డాక్టరు నీతో అనలేదు, నాతో అన్నాడు. కాబట్టి రోజుకి నాలుగు చుక్కలు పోతున్నాయని నా దగ్గర ఏడవకు. నేను చూసిన రక్తం వేరు.

ఇక ఉప్పు. నెలసరిలో ఉన్న ఆడది కూరలో ఉప్పు వేస్తే తిన్నవాళ్ళు దగ్గి దగ్గి ఎండిపోతారని మనకి పాలతో పాటు పోశారు. నేను పదేళ్ళుగా ఈ పట్నంలో ఇద్దరమే ఉన్న ఇంట్లో వండుతున్నాను. నాకు ఉప్పు వేసిపెట్టడానికి ఏ పిల్ల ఉంది? నా చేత్తోనే వేస్తున్నాను. మీ బావ గుండ్రాయిలా ఉన్నాడు, పొట్ట కూడా వచ్చింది. ఉప్పుకీ రక్తానికీ ఏ సంబంధమూ లేదే. ఆరో క్లాసు దాకా చదివావు, కాస్త ఆలోచించు.

మాస్టారు టీ అయిపోయింది. మయేసోని నా బదులు గిల్లు.

ఎసినాతి


కమ్వెండో,
31 మే 1998

అక్కా,

నువ్వన్న మూడు నెలలూ అయ్యాయి, నాలుగూ అయ్యాయి. ఆగలేదు. మధ్యలో నాలుగు రోజులు ఆగితే స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకుని, నా చేత్తో నేను ఉప్పు వేశాను. ఆ వేళ మెలిఫా కూడా సంతోషించింది. అయిదో రోజు మళ్ళీ మొదలు.

నీకు పట్నంలో తెలియదు గానీ, ఇక్కడ ఆ కేకే చాలు. "మెలిఫా, ఇలా రా" అని నేను అరవగానే అటుపక్క దంపుతున్న రోకళ్ళు కూడా ఒక్క క్షణం ఆగుతాయి. బోరింగు దగ్గర మొన్న ఒకామె, "ఏం ఫలేసీ, నీకు నెలలో రోజులెన్ని?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మెలిఫా ఈమధ్య పిలిస్తే రావడం లేదు, దాక్కుంటోంది. దాని తోటి పిల్లలు దాన్ని ఉప్పు డబ్బా అని పిలుస్తున్నారట. అయినా పిలిస్తే రాలేదని దాన్నే కొట్టాను. తర్వాత నేనే ఏడ్చాను.

అత్త ఇప్పుడు నోరు విప్పింది. "పట్నంలో మీ అక్క నీ ఒంట్లో ఏం పెట్టిందో గానీ, నా కొడుకు మొగుడై ఉండి కూడా విడిగా చాప వేసుకుంటున్నాడు" అంది. మా ఆయన ఏమీ అనడు. మంచివాడే. కోతలయ్యాక కసుంగు వైపు పొగాకు ఎస్టేటులో పనికి పోతానంటున్నాడు. ముందెప్పుడూ పోలేదు.

మా దగ్గరి ఆరోగ్యకేంద్రానికి వెళ్ళి తీసెయ్యమని అడిగాను. అక్కడి నర్సు నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "పెట్టడం నేర్పారు గానీ తియ్యడం మాకు నేర్పలేదమ్మా, పెట్టినచోటికే వెళ్ళు" అంది. పక్కనున్నావిడ అయితే, "అయిదేళ్ళ సరుకు అయిదు నెలలకే తీయించుకుంటావా?" అని దెప్పింది.

అక్కా, తీయించు. నన్ను రమ్మను, వస్తాను. నువ్వు ఎలా చెబితే అలా ఉంటాను, వేరే ఏదైనా వాడతాను, సూది పొడిపించుకుంటాను. ఇది మాత్రం తీయించు. పొలంలో వంగి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి.

మయేసో నీ గిల్లుడికి ఏడ్చాడు. తాత దగ్గు పొయ్యి పొగకి ఎక్కువైంది. వాడూ తాతని చూసి దగ్గినట్టు నటిస్తాడు, ఇంటిల్లిపాదీ నవ్వుతాం.

ఫలేసి


సలీమా,
20 జూన్ 1998

ఫలేసీ,

నువ్వు వస్తానంటే నేను వద్దంటానా. కానీ వచ్చి ఏం చేస్తావు? తీసే ఆఫీసరు ఒక్కడే ఉండేవాడు, అతన్ని దక్షిణానికి బదిలీ చేశారు. కొత్తగా ఇంకొకరు మూడు నెలలకోసారి వస్తారట, ఇంతవరకు ఒక్కసారీ రాలేదు. వరసలో ఇప్పటికే పాతికమంది ఉన్నారు.

నిజం చెప్పనా, ఆఫీసరు రేపే వచ్చినా నీ పేరు నేను రాయను. నీకు కోపం వస్తే రానీ. సూది అంటావు. మూడు నెలలకోసారి పన్నెండు మైళ్ళు నడిచి పొడిపించుకోవాలి. వానాకాలంలో వాగు పొంగితే నువ్వు ఆగిపోతావు, మీ ఆయన ఆగడు. మళ్ళీ కడుపొస్తుంది. అమ్మని పూడ్చాను, నిన్ను కూడా పూడ్చమంటావా?

ఇనుము బిళ్ళలు పంపిస్తున్నాను, రోజుకొకటి మింగు. ఆకుకూరలో వేరుశనగపొడి బాగా వేసుకు తిను. కళ్ళు తిరగడం తగ్గుతుంది.

ఆ బోరింగు దగ్గర ఆడవాళ్ళ మాటలకి నువ్వు ఇంత చచ్చిపోతే ఎలా? మెలిఫాని ఇక పిలవకు. పిల్లని బాధపెట్టి నువ్వు బాధపడి ఎవరిని బతికిస్తున్నావు? ఉప్పు ఉప్పే. నన్ను నమ్మితే నా మాట విను, లేదా మీ అత్తని నమ్ముకో.

ఇంకాస్త ఓపిక పట్టు, సర్దుకుంటుంది. ఎనిమిదో నెలలో ఆగినవాళ్ళని చూశాను.

కోపంగా రాశానని అనుకోకు. కోపం కాదు.

అక్క


కమ్వెండో,
9 ఆగస్టు 1998

అక్కా,

నీ మాట విన్నాను. ఇప్పుడు నేనే ఉప్పు వేస్తున్నాను.

నెల కావస్తోంది. మెలిఫాని పిలవడం మానేశాను. అది ఇప్పుడు సాయంత్రం దాకా ఆడుకుంటోంది, దాన్ని ఎవరూ ఏ పేరూ పెట్టి పిలవడం లేదు. మొదటి రోజు కళ్ళు మూసుకుని కుండలో వేశాను. అత్త ఒక ముద్ద తిని, ఇంకో ముద్ద తిని, నావైపు చూసి, "ఇన్నాళ్ళకి ఇంట్లో ఉప్పు సరిపోయింది" అంది. ఆ రాత్రి ఆవిడ నాకు తన దుప్పటి ఇచ్చింది.

మా ఆయన ఎస్టేటుకి వెళ్ళాడు. డిసెంబరులో వస్తాడు. వెళ్ళేముందు నీకు దండాలు చెప్పమన్నాడు.

ఇల్లంతా నెమ్మదిగా ఉంది. అంతా నీవల్లే.

ఫలేసి


సలీమా,
23 ఆగస్టు 1998

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం చదివి మీ బావని నిద్రలేపి మరీ చెప్పాను. ఆగింది కదూ. చెప్పానా లేదా, ఎనిమిదో నెల దాకా కూడా పట్టలేదు. నువ్వు మళ్ళీ నీ చేత్తో ఉప్పు వేస్తున్నావని చదివి నాకు ఏడుపొచ్చింది. మీ అత్త నాలుక మీద కూడా కాస్త ఉప్పు పడ్డట్టుంది, దుప్పటి కూడా ఇచ్చిందంటే.

ఇప్పుడు నేను క్లినిక్‌లో నీ గురించే చెబుతున్నాను. "మా సొంత చెల్లెలు, ఆరు నెలలు ఓర్చుకుంది, ఇప్పుడు హాయిగా ఉంది" అంటాను. నా మాట విని ఈ వారం ముగ్గురు తీయించుకోవడం మానుకుని వెళ్ళిపోయారు. పెద్ద నర్సమ్మ అందరి ముందూ నన్ను మెచ్చుకుని ఒక చిటెంజే గుడ్డ ఇచ్చింది. నీలం మీద పసుపు పిట్టలు. దాన్ని కట్టుకోవలసింది నేను కాదు నువ్వు, మాస్టారితో పంపుతున్నాను.

వచ్చే నెలంతా సరస్సు ఒడ్డు ఊళ్ళు తిరగాలి, శిబిరాలున్నాయి. ఉత్తరాలు ఆలస్యమైతే కంగారుపడకు.

మయేసో ఇప్పుడు ఎన్ని మాటలు మాట్లాడుతున్నాడు?

నీ అక్క


కమ్వెండో,
4 అక్టోబరు 1998

అక్కా,

గుడ్డ అందింది. బాగుంది. ఇంకా కట్టుకోలేదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆగిందని నీకు ఎవరు చెప్పారు? ఆగలేదు. నేను ఆగిందని రాయలేదు. ఉప్పు ఉప్పే, నన్ను నమ్ము అని నువ్వే రాశావు. నమ్మి వేశాను. అత్తకి ఆగిందనే చెప్పాను, బట్టలు పొలంలోనే ఉతుక్కుని గుబుర్లలో ఆరేసుకుంటున్నాను. నీకు తెలుసనుకున్నాను.

మయేసోకి దగ్గు పట్టుకుంది. సెప్టెంబరు మొదట్లో వచ్చింది. మొదట తాతని వెక్కిరిస్తున్నాడనుకుని నవ్వాం. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. పక్కటెముకలు కనిపిస్తున్నాయి. పొద్దుటిపూట ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, సాయంత్రానికి కాలిపోతుంది. సంకటి పెడితే నోట్లో ఉంచుకుని అలాగే కూర్చుంటాడు.

అత్త నాటు వైద్యుణ్ణి పిలిపించింది. ఆయన వాడి ఛాతీ మీద చెవి పెట్టి విని, ఇది మ్దులో, కట్టు తప్పితే వచ్చే దగ్గు, అన్నాడు. ఉప్పు తప్పిన చెయ్యి ఎవరిదని అడిగాడు. నేను తల వంచుకుని కూర్చున్నాను. అత్త, "మా ఇంట్లో ఆ తప్పు ఎవరూ చెయ్యరు" అంది. నామీద ఎంత నమ్మకంగా అందో. తప్పు చేసినవాళ్ళు నోటితో ఒప్పుకుంటేనే ఆయన ఇచ్చే వేరు మందు పనిచేస్తుందట.

అక్కా, నాకు ఒక్కటే చెప్పు. పదేళ్ళలో బావకి ఎప్పుడైనా ఇలాంటి దగ్గు వచ్చిందా? అబద్ధం చెప్పకు. నీ జవాబు వచ్చేదాకా నోరు విప్పను. తొందరగా రాయి.

ఫలేసి


కమ్వెండో,
25 అక్టోబరు 1998

అక్కా,

మూడు ఆదివారాలు మాస్టారి గుమ్మం దగ్గర కూర్చున్నాను. నీ జవాబు రాలేదు. చెప్పడానికి నీ దగ్గర జవాబు లేదని అర్థం చేసుకున్నాను.

ఒప్పుకున్నాను. అత్త, మామగారు, మా ఆయన మేనమామ, ఇరుగుపొరుగు అందరి ముందూ. ఎన్ని రోజులు వేశావని వైద్యుడు అడిగాడు. తొంభై పైనే అన్నాను. ఎవరూ అరవలేదు. అత్త లేచి వెళ్ళి వంటపాకలోంచి ఉప్పు డబ్బా తెచ్చి తన గదిలో పెట్టుకుంది. మామగారు మయేసోని నా దగ్గర్నించి తీసుకుని గుండెకి హత్తుకున్నాడు. ఆయనా దగ్గుతున్నాడు, వాడూ దగ్గుతున్నాడు. ఇద్దరినీ నేనే తినేస్తున్నానని అత్త అంది.

పసరు పోస్తున్నారు. ఒప్పుకున్నాను కాబట్టి పనిచేస్తుంది అంటున్నారు. మొన్న కొంచెం గంజి తాగాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళమని మాస్టారు అన్నాడు. ఆస్పత్రి వాళ్ళకి ఉప్పు సంగతి ఏం తెలుసు? వాళ్ళకి తెలిస్తే నీకూ తెలిసేది కదా.

ఫలేసి


సలీమా,
2 నవంబరు 1998

ఫలేసీ, నా తల్లీ,

నీ రెండు ఉత్తరాలూ ఇవాళే చూశాను. నెల అనుకున్నది రెండు నెలలు ఊళ్ళు తిరిగి పొద్దున్న వచ్చాను, నా సొరుగులో రెండూ పడి ఉన్నాయి. జవాబు లేక కాదు, నేను లేక.

విను. ఉప్పు కాదు. మీ బావకి పదేళ్ళలో ఒక్కసారి కూడా దగ్గు రాలేదు, మలేరియా తప్ప ఏ రోగమూ రాలేదు. ప్రమాణం చేసి చెబుతున్నాను, అమ్మ సమాధి మీద ఒట్టు. మయేసోకి దగ్గు వాళ్ళ తాత దగ్గర్నించి వచ్చింది. గనుల్లో పనిచేసి వచ్చినవాళ్ళ ఊపిరితిత్తుల్లో క్షయ ఉంటుంది. ఎనిమిది నెలల పైగా వాడు ఆయన ఒళ్ళో, ఆయన ముఖం ముందు కూర్చుంటున్నాడు. నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు, దుప్పట్లు, రేడియో, దగ్గు తెచ్చాడని. నేను నవ్వుకుని పక్కన పెట్టాను. నా కళ్ళు నీ చేతిలోని పుల్లల మీదే ఉన్నాయి.

దీనికి మందుంది. బిళ్ళలున్నాయి, వాడు బతుకుతాడు. ఈ ఉత్తరం చదివిన వెంటనే, నిలబడినదానివి నిలబడినట్టే, వాణ్ణి వీపున కట్టుకుని న్చిసి ఆస్పత్రికి వెళ్ళు. అత్తని అడగకు. తాతని కూడా తీసుకెళ్ళు. ఈ ఉత్తరం చూపించు.

నేను శనివారం బయలుదేరి వస్తున్నాను. అంతదాకా ఆగకు.

అక్క


మా మేనమామ ఇల్లు, చింగలుమె,
22 నవంబరు 1998

అక్కా,

నువ్వు వచ్చినప్పుడు నీతో మాట్లాడలేదు. నువ్వు నా ముందు చాప మీద కూర్చుని నా కాళ్ళు పట్టుకున్నావు, నేను అటు తిరిగి పడుకున్నాను. కోపం అనుకుని వెళ్ళావు. కోపం కాదు.

నీ ఉత్తరం గురువారం సాయంత్రం మాస్టారు తెచ్చాడు. నువ్వు చెప్పినట్టే వాణ్ణి వీపున కట్టుకున్నాను. నీలం గుడ్డే, పసుపు పిట్టలది. మొదటిసారి కట్టాను. అత్త అడ్డం నిలబడింది, తోసుకుని వెళ్ళాను. అంత పని నేను ఎప్పుడూ చెయ్యలేదు. వాడు బరువు లేడు, బట్టల మూట మోస్తున్నట్టే ఉంది. వాగు దాటేదాకా నా మెడ మీద వెచ్చగా ఊపిరి తగులుతూనే ఉంది. వాగు దాటాక కాస్త చల్లగాలి వేసింది, గాలికి అలా ఉందనుకున్నాను. ఆస్పత్రి గేటు కనిపించేదాకా నడిచాను. అక్కడ ఒక ముసలావిడ, "దించమ్మా, ఇక దించు" అంది.

నువ్వు శుక్రవారం వచ్చి ఉంటే పూడ్చేముందు చూసేదానివి. శనివారమన్నావు, శనివారమే వచ్చావు.

మా ఆయన ఎస్టేటు నించి వచ్చాడు. మా మేనమామని పిలిపించారు. పెద్దమనుషులు రెండువైపులా కూర్చుని మాట్లాడుకున్నారు. మా ఆయన లేచి వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి, "నాకైనా చెప్పి ఉండాల్సింది" అన్నాడు. ఆడపిల్లలిద్దరినీ నాతో పంపారు.

తాతది క్షయ అని నువ్వన్నావు. అయి ఉండొచ్చు. కానీ తాత జనవరి చివర్లో వచ్చాడు. వాడు అప్పట్నించీ ఆయన ఒళ్ళోనే ఉన్నాడు. ఆరు నెలలు ఏమీ కాలేదు. నేను జూలైలో ఉప్పు వేశాను, సెప్టెంబరులో దగ్గాడు. నువ్వు చదువుకున్నదానివి, లెక్క నువ్వే చెయ్యి.

ఫలేసి


సలీమా,
10 జనవరి 1999

ఫలేసీ,

నీ లెక్క తప్పని నేను రుజువు చెయ్యగలను. ఆ రోగం ఒంట్లో నెలల తరబడి దాగి ఉండి తర్వాత బయటపడుతుంది. రాస్తే రెండు పేజీలవుతుంది. కానీ అది నువ్వు నమ్మవని నాకు తెలుసు, నేను చెప్పినవి నమ్మాల్సినంత నమ్మేశావు.

ఒక సంగతి దాచాను. ఇవాళ చెబుతాను. నువ్వు మొదటి ఉత్తరంలో అడిగావు, బొమ్మల పుస్తకంలో ఇది చూసినట్టు లేదని. నువ్వు సరిగానే చూశావు. అందులో ఒక పేజీ ఉంది. ఒకావిడ బట్ట పట్టుకుని దిగులుగా నిలబడి ఉంటుంది. కింద రాసి ఉంటుంది, కొందరికి నెలల తరబడి రక్తం పోవచ్చని, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా వచ్చి తీయించుకోవచ్చని. ఆ పేజీ నేను చూపించను. జనవరిలో మాకు డెబ్భైమందికి పెట్టాలని చెప్పారు. ఆ బొమ్మ చూస్తే వరసలో సగంమంది చెప్పులు తొడుక్కుంటారు. అందుకని రెండు పేజీలు కలిపి తిప్పడం అలవాటైపోయింది. నీ ముందు కూర్చున్నప్పుడు కూడా కలిపే తిప్పాను. అలవాటుకొద్దీ కాదు. నువ్వు వద్దంటావేమోనని భయపడి, తెలిసే తిప్పాను. నువ్వు బతకాలి, అంతే అనుకున్నాను. నీ బతుకులో ఇంకా ఏమేం ఉన్నాయో అడగలేదు.

ఆ ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళాను, నీ పేరు చెప్పి నేను తిప్పి పంపినవాళ్ళు. ఒకావిడ తలుపు తియ్యలేదు.

తీసే ఆఫీసరు 26న వస్తున్నాడు. నీ పేరు అందరికన్నా పైన రాశాను. మీ బావ వచ్చి నిన్ను తీసుకొస్తాడు. పావుగంట పని. నేను పక్కనే నిలబడి నీ రెండో చెయ్యి పట్టుకుంటాను. రక్తం ఆగుతుంది. ఆ తర్వాత నన్ను తిట్టినా, నా ముఖం చూడనన్నా సరే. రా, తల్లీ.

అక్క


చింగలుమె,
7 ఫిబ్రవరి 1999

అక్కా,

బావ వచ్చాడు. అన్నం వేళకి వచ్చాడు, మెలిఫా వండిపెట్టింది. ఉత్త చేతులతో తిరిగి వెళ్ళాడని బాధపడకు.

నువ్వు ఆ పేజీ చూపించి ఉన్నా నేను పెట్టించుకునేదాన్నే. నువ్వు పెట్టించుకోమన్నావు కదా. దానికి నిన్ను నేనేమీ అనను. ఒక్కటే అడగాలనుంది. ఆ పేజీలో ఉప్పు గురించి ఉందా?

పుల్లలు ఉండనీ. మొదట్లో నేనే తీయించు అని ఏడ్చాను, ఇప్పుడు వద్దంటున్నాను. రక్తం పోతూనే ఉంది. పోనీ. అది పోతున్నంతకాలం నన్ను కుండ దగ్గరికి ఎవరూ రానివ్వరు, మళ్ళీ పెళ్ళి మాట ఎత్తరు. లినెసి, మెలిఫా నా చేతి కూర తినరు, కాబట్టి వాళ్ళకి ఏమీ కాదు. మెలిఫా చెయ్యి ఇప్పుడు తేలికైంది, ఉప్పు సరిగ్గా వేస్తోంది. నేను మాత్రం ఉప్పు లేకుండా తింటున్నాను. అలవాటైపోయింది.

అయిదేళ్ళకి అది పనిచెయ్యడం మానేస్తుందన్నావు. అంటే ఇంకో నాలుగేళ్ళు. అప్పుడు వస్తాను, వేరేది పెట్టు. పుస్తకం చూపించక్కర్లేదు.

ఫలేసి


సలీమా,
14 మార్చి 1999

ఫలేసీ,

లేదు. ఆ పేజీలో ఉప్పు గురించి లేదు. పుస్తకం మొత్తం మొదటి నించి చివరిదాకా చూశాను, ఎక్కడా లేదు. మన చేత్తో, మన భాషలో, మన ఆడవాళ్ళకోసం వేసిన పుస్తకం. నేను దాన్ని నాలుగేళ్ళుగా తిప్పుతున్నాను. ఉప్పు ఎవరు వేస్తారమ్మా మీ ఇంట్లో అని ఒక్కదాన్ని అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. ఆ బొమ్మ కూడా చూపిస్తున్నాను. సగంమంది లేచి వెళ్ళిపోతున్నారు. పెద్ద నర్సమ్మ నన్ను రికార్డుల గదికి మార్చేస్తానంది.

మీ మామగారు ఆస్పత్రి బిళ్ళలు మింగుతున్నాడట, మాస్టారు చెప్పాడు. దగ్గు తగ్గిందట, ఒళ్ళు చేస్తున్నాడట. నువ్వు ఇల్లు వదిలాకే తగ్గిందని మీ అత్త ఊరంతా చెబుతోందట. ఇది నీకు రాయకూడదనుకున్నాను. కానీ నీ దగ్గర ఇక ఏదీ దాచదలచుకోలేదు.

అందుకే ఇది కూడా రాస్తున్నాను. నిన్న నాకు నెలసరి వచ్చింది. ఇవాళ మధ్యాహ్నం గుమ్మడాకు కూర ఉడికింది. ఉప్పు గుప్పిట్లోకి తీసుకున్నాను. పదేళ్ళుగా చేస్తున్న పనే. చెయ్యి కుండ మీద దాకా వెళ్ళి ఆగిపోయింది. నాకు తెలుసు, నీకు ఎన్నిసార్లు రాశానో నాకే తెలుసు, ఉప్పుకీ రక్తానికీ ఏ సంబంధమూ లేదని. చెయ్యి ఎత్తి అలాగే నిలబడ్డాను. లోపల గదిలో మీ బావ దగ్గాడు. ఊరికే, గొంతు సవరించుకోవడానికి.

పక్కింటి పిల్లని కేకేశాను.

ఎసినాతి